ముసలి కుక్క పలకకపోతే ముందు చెవిలోకి చూడండి: అపోహలు – వాస్తవాలు

"వయసైపోయింది కదండీ, చెవుడు వచ్చినట్టుంది." 12 ఏళ్ల లాబ్రడార్‌ను తీసుకొచ్చిన ఒక పెద్దాయన అన్న మాట ఇది. నేను దాని చెవి పైకెత్తగానే పులిసిన పిండి వాసన గుప్పుమంది. చెవి లోపలికి చూసే ఆటోస్కోపు అనే పరికరం పెట్టి చూస్తే కర్ణభేరి కనిపించనే లేదు. చెవి గొట్టం నిండా నల్లటి గులిమి. రెండో చెవిదీ అదే పరిస్థితి. కొన్ని వారాల వైద్యం తర్వాత మళ్లీ వచ్చినప్పుడు తలుపు చప్పుడుకు ఆ కుక్క తల తిప్పింది. పెద్దాయన నమ్మలేక లేచి వెళ్లి, తలుపు ఇంకోసారి తీసి వేశారు. మళ్లీ తిప్పింది.

అన్ని కుక్కలకూ ఇలా జరగదు. కానీ ఎన్నో జబ్బులు 'వయసు' అనే మాట చాటున నెలల తరబడి దాక్కోవడం చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: ముసలితనంలో చెవుడు సహజం, చేయగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: వినికిడి రెండు విధాలుగా పోతుంది. మొదటిది వయసు వల్ల వచ్చేది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సూక్ష్మమైన రోమకణాలు క్రమంగా నశిస్తాయి, మళ్లీ పుట్టవు. ఇది రెండు చెవుల్లోనూ నెమ్మదిగా, సాధారణంగా కీచు శబ్దాలతో మొదలవుతుంది. రెండోది దారి మూసుకుపోవడం: గులిమి, చీము, వాపు, కర్ణభేరి వెనుక చేరిన ద్రవం. ఇక్కడ లోపలి చెవి బాగానే ఉండవచ్చు, శబ్దమే అక్కడి దాకా చేరదు. దారి తెరిస్తే వినికిడి కొంతైనా తిరిగి రావచ్చు. ఒకే కుక్కలో రెండూ ఉండటమూ మామూలే. కచ్చితంగా తేల్చాలంటే 'బేర్' పరీక్ష ఉంది. చెవిలో టిక్ టిక్ శబ్దాలు వినిపిస్తూ, తలపై చర్మం కింద పెట్టిన సన్నని సూదుల ద్వారా మెదడు స్పందనను నమోదు చేస్తారు.

అపోహ: వెనుక నిలబడి చప్పట్లు కొడితే తెలిసిపోతుంది.

వాస్తవం: మీ అడుగుల అదురు, చేతుల గాలి, మీ వాసన, ఇవన్నీ దానికి తెలుస్తాయి. అది నిద్రలో ఉన్నప్పుడు పక్క గదిలోంచి తాళాల గుత్తి ఆడించి చూడండి. విన్నా ఎటువైపో తేల్చుకోలేక తికమకపడుతుంటే ఒక చెవే పోయి ఉండవచ్చు.

అపోహ: వేలాడే చెవులు, స్నానం నీళ్లు, వీటివల్లే ఇన్ఫెక్షన్ వస్తుంది.

వాస్తవం: అవి తోడ్పడతాయంతే. చాలా కుక్కల్లో అసలు మూలం అలర్జీ. చర్మం వాచాక ఈస్టు, బ్యాక్టీరియా అక్కడ పెరుగుతాయి. అయితే జీవితమంతా చెవి బాధ ఎరుగని కుక్కకు ముసలితనంలో మొదటిసారి వస్తే నేను ఇంకా వెతుకుతాను. థైరాయిడ్ తగ్గిందా? కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగిందా? ఒక చెవికే పదే పదే వస్తుంటే లోపల కణితి ఉందా?

అపోహ: దూది పుల్లతో శుభ్రం చేసి, ఇంట్లో మిగిలిన చుక్కలు వేస్తే చాలు.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. కుక్క చెవి గొట్టం కిందికి దిగి, లోపలికి మలుపు తిరుగుతుంది. పుల్ల గులిమిని ఆ మలుపులోకి ఇంకా కూరుతుంది. పుండుపడిన చర్మంపై స్పిరిట్టు, వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ మండుతాయి. అన్నిటికంటే నాకు భయం పాత చుక్కల గురించే. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్ మందు లోపలి చెవిని దెబ్బతీయవచ్చు. ఆ చెవుడును ఎవరూ వెనక్కి తీసుకురాలేరు.

అపోహ: వాసన పోయింది, ఇక మందు ఆపేయవచ్చు.

వాస్తవం: వాసన ముందే పోతుంది, క్రిములు తర్వాత పోతాయి. అందుకే చెవిలోంచి తీసిన మురికిని గాజు పలకపై రాసి సూక్ష్మదర్శినిలో చూసి, మళ్లీ రమ్మని, మళ్లీ చూస్తాం. సగంలో ఆపిన ప్రతిసారీ గొట్టం గోడలు మరికాస్త దళసరి అవుతాయి, చివరికి ఎముకలా గట్టిపడతాయి. అప్పుడు ఆ గొట్టాన్నే తీసేసే శస్త్రచికిత్స తప్ప దారి ఉండకపోవచ్చు. వినికిడి చాలా వరకు పోతుంది గానీ, ఏళ్ల నొప్పి పోయి కుక్క మళ్లీ హుషారుగా తిరుగుతుంది.

అపోహ: తల ఒక పక్కకు వాల్చి, తూలి పడుతోందంటే పక్షవాతమే, ఇక చివరి రోజులే.

వాస్తవం: ముసలి కుక్కల్లో సమతౌల్య వ్యవస్థ హఠాత్తుగా దెబ్బతిని, కొన్ని రోజుల నుంచి వారాల్లో చాలా వరకు కోలుకోవడం తరచుగా చూస్తాం. కొన్నిసార్లు కారణం లోపలి చెవికి పాకిన ఇన్ఫెక్షన్. వెంటనే చూపించండి. ఆ రోజే దాని బతుకు గురించి నిర్ణయం మాత్రం తీసుకోకండి.

అపోహ: చెవిటి కుక్క కోపిష్ఠిది అవుతుంది.

వాస్తవం: అది కోపం కాదు, ఉలికిపాటు. నిద్రలో వెనుక నుంచి తాకితే కరవవచ్చు. వీధిలో వాహనం చప్పుడు వినబడదు కాబట్టి గొలుసు వదలకండి. పిలుపుల బదులు చేతి సైగలు నేర్పండి, వినికిడి కొంత ఉండగానే మొదలుపెడితే త్వరగా పట్టుకుంటుంది. లేపాలంటే దాని ముక్కు ముందు అరచేయి ఉంచి ఆగండి. ముక్కుపుటాలు కదులుతాయి, తర్వాత కళ్లు తెరుచుకుంటాయి, ఆ తర్వాత తోక.