సీసాకు ధర ఉంది, కవర్‌కు లేదు

మా వరంగల్‌లో ఏ పాత సామాన్ల దుకాణం ముందైనా పొద్దున పూట కాసేపు నిలబడి చూడండి. ఏరుకొచ్చిన సంచి బోర్లించగానే నీళ్ల సీసాలు ఓ పక్కకు, అట్టముక్కలు ఇంకో పక్కకు పోతాయి, పల్చటి కవర్లు మాత్రం కిందే ఉండిపోతాయి. కిలో తూగాలంటే కొన్ని వందల కవర్లు ఏరాలి, అంత కష్టపడ్డా మురికి అంటితే ఎవరూ కొనరు.

కవర్ల మీద వచ్చిన నిబంధనలకు మూలం చాలావరకు ఈ తూకమే. 1999లో కేంద్రం కవర్‌కు కనీసం 20 మైక్రాన్ల మందం ఉండాలంది (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). అది 2011లో 40 అయింది, 2016లో 50, 2021 సెప్టెంబర్ 30 నుంచి 75, 2022 డిసెంబర్ 31 నుంచి 120. మందం పెరిగితే ఏరేవాళ్లకు గిట్టుబాటవుతుంది, దుకాణదారుడు కూడా ఊరికే ఇవ్వడు, అదీ లెక్క. కానీ కూరగాయల బండి దగ్గర ఆ పల్చటి కవరే ఇంకా మన చేతికొస్తోంది, మనమూ తీసుకుంటున్నాం. చిప్స్ ప్యాకెట్‌ది ఇంకా పెద్ద సమస్య. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి వాటిని విడదీయడం చాలా కష్టం. ఆ చెత్తను వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన కంపెనీలదేనని 2016 నిబంధనలు చెప్పాయి, నా దృష్టిలో మైక్రాన్ల కంటే ముఖ్యమైన మాట అదే.

సీసా కథ వేరు. 1934లో ఆజంజాహీ మిల్లు పెట్టి పత్తితో నూలు తీసిన ఈ ఊరి పక్కనే, గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ఇప్పుడు గణేశా ఎకోస్ఫియర్ గ్రూపు ఫ్యాక్టరీ సీసాల నుంచి పాలిస్టర్ పోగు తీస్తోంది. ఈ పని మామూలుగా ఎలా జరుగుతుందంటే, సీసాలను ముక్కలు చేసి నీళ్లలో వేస్తారు. సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది, అలా రెండూ విడిపోతాయి. మునిగినవాటిని కడిగి, ఆరబెట్టి, కరిగించి, సన్నటి రంధ్రాల గుండా పోగులుగా లాగుతారు. కొత్త పాలిస్టర్‌కు కావాల్సిన పెట్రోలియం ఆ మేరకు మిగులుతుంది. అయితే ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త కలిపేస్తే ఆ సీసాను కడగడానికే బోలెడు నీళ్లు, ఖర్చు.

కవర్ ఈ పనికి రాదు, అది పాలిథిన్, రకమే వేరు. దుకాణం ముందు కింద మిగిలిన ఆ కుప్ప గాలి లేచిందంటే నాలాలోకి పోతుంది, వానాకాలంలో అక్కడే అడ్డం పడుతుంది.