రాత్రి బ్యాకప్‌లో వచ్చే ఆ వార్నింగ్ ఎక్కడి నుంచి వచ్చింది

భీమవరంలో మేం చూసే ఒక రొయ్యల మేత డీలర్ ఆఫీసులో పాత సర్వర్ తీసేసి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌ని 5.5 వెర్షన్ నుంచి 5.7కి మార్చాం, మార్చిన మర్నాటి నుంచి రోజూ తెల్లారేసరికి రాత్రి బ్యాకప్ స్క్రిప్టు నుంచి ఓనర్ గారికి ఒక మెయిల్, కమాండ్ లైన్‌లో (అంటే ఆదేశం రాసే లైన్‌లోనే) పాస్‌వర్డ్ ఇవ్వడం సేఫ్ కాదేమో చూస్కోండి అని. "ఏం బాబూ, రోజూ ఏదో వార్నింగ్ వత్తంది, ఎవడన్నా లోపలికొచ్చాడా ఏంటి?" అని ఫోన్ చేశారు. లేదండీ, బ్యాకప్ బానే జరుగుతుంది అని చెప్పా, కానీ ఆయన భయం తప్పేం కాదు.

మొదట్లో డేటాబేసులకి తాళం అంటే చూర్లో పెట్టిన తాళంచెవి లాంటిదే, ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. ఒరాకిల్ అనే డేటాబేస్ నేర్చుకున్నవాళ్లకి యూజర్ స్కాట్, పాస్‌వర్డ్ టైగర్ గుర్తుండే ఉంటాయి, ఇక్కణ్ణుంచి అమీర్‌పేట వెళ్లి కోర్సు చేసిన ప్రతివాడూ మొదటిరోజు కొట్టింది అదే. స్కాట్ అంటే ఒరాకిల్ తొలినాళ్లలో పనిచేసిన బ్రూస్ స్కాట్, టైగర్ వాళ్లింట్లో పిల్లి పేరు. మైఎస్‌క్యూఎల్ 1995లో వచ్చింది, చాలా ఏళ్లపాటు ఇన్‌స్టాల్ చేస్తే రూట్‌కి, అంటే అన్ని హక్కులూ ఉన్న అకౌంట్‌కి, పాస్‌వర్డే ఉండేది కాదు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కూడా అలాంటిదే అయిన ఎస్ఏ అకౌంట్‌కి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసేవాళ్లు, 2002 మేలో ఒక వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) సరిగ్గా అలాంటి సర్వర్లనే వెతుక్కుంటూ పాకింది.

పాస్‌వర్డ్ పెట్టడం మొదలెట్టాక ఇంకో చిక్కు. రాత్రి రెండింటికి క్రాన్ (టైమ్‌కి పనులు తనే నడిపే ప్రోగ్రామ్) నడుస్తుంటే పాస్‌వర్డ్ ఎవరు కొడతారు? అందుకని స్క్రిప్టులోనే, హైఫన్ పీ పక్కన స్పేస్ లేకుండా పాస్‌వర్డ్ అతికించేసేవాళ్లు (స్పేస్ ఇస్తే తర్వాతది డేటాబేస్ పేరనుకుంటుంది). మా పాత స్క్రిప్టులో ఉన్నది ఇదే, అదీ రూట్ పాస్‌వర్డ్. అదే మెషీన్‌లో లాగిన్ ఉన్న ఇంకెవడైనా పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాములు చూపించే కమాండ్) కొడితే ఆ లైన్ కనపడే వీలుంది, మైఎస్‌క్యూఎల్ క్లయింట్ మొదలవగానే దాన్ని తుడిచేస్తుంది గానీ ఆ లోపల చిన్న సందు ఉంటుంది, ఇక చేత్తో టైప్ చేస్తే షెల్ హిస్టరీలో, అంటే కొట్టిన కమాండ్ల జాబితాలో కూడా ఉండిపోతుంది.

దీనికి పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వాళ్లు 2002లో 7.3తో డాట్ పీజీపాస్ ఫైల్ ఇచ్చారు, హోస్ట్, పోర్ట్, డేటాబేస్, యూజర్, పాస్‌వర్డ్ మధ్యలో కోలన్లతో ఒకే లైన్. నాకు నచ్చేది ఏంటంటే ఇప్పుడు లైనక్స్‌లో ఆ ఫైల్ పర్మిషన్ 600 (సొంత యూజర్ ఒక్కడే చదివి రాయగలిగేది) కంటే వదులుగా ఉంటే అది అసలు చదవనే చదవదు. మైఎస్‌క్యూఎల్‌లో హోమ్ ఫోల్డర్‌లో డాట్ మై డాట్ సీఎన్ఎఫ్ అనే ఫైల్, క్లయింట్ సెక్షన్ కింద యూజర్, పాస్‌వర్డ్ రాసుకుంటే చాలు, కానీ పక్కవాళ్లు చదవకుండా చూసుకునే బాధ్యత మొత్తం మనదే.

2013లో మైఎస్‌క్యూఎల్ 5.6 వచ్చింది, ఓనర్ గారిని కంగారు పెట్టిన వార్నింగ్ పుట్టింది అందులోనే. దాంతోపాటే మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ ఎడిటర్ కూడా ఇచ్చారు, లాగిన్ పాత్ అని ఒక పేరు పెట్టి హోస్టూ యూజరూ పాస్‌వర్డూ ఒకసారి ఇస్తే హోమ్‌లో ఒక ఫైల్‌లో దాస్తుంది, తర్వాత ఆ పేరు చెబితే సరిపోతుంది. చాలామంది దీన్ని ఎన్‌క్రిప్షన్ అనుకుని ధైర్యంగా ఉంటారు, అక్కడే నాకు బెంగ, ఎందుకంటే విప్పే కీ కూడా అదే ఫైల్‌లో ఉంటుంది. వెనక నుంచి తొంగిచూసేవాడికి కనపడదు అంతే, ఫైల్ చేతికొచ్చినవాడికి అడ్డమే కాదు. 2015లో 5.7 వచ్చాక రూట్‌కి ఇన్‌స్టాల్ టైమ్‌లోనే ర్యాండమ్ పాస్‌వర్డ్ ఇవ్వడం మొదలైంది, ఖాళీ రూట్ గోల అప్పటికి తగ్గింది.

మేం ఆ ఆఫీసులో బ్యాకప్‌కి వేరే యూజర్ చేశాం, చదవడానికీ టేబుల్ లాక్ చెయ్యడానికీ కావాల్సినవి తప్ప ఏ హక్కూ లేకుండా, వాడి పేరుతోనే లాగిన్ పాత్ పెట్టాం. మెయిల్ ఆగింది. పాలకొల్లు బ్రాంచిలో మెషీన్ మాత్రం ఇంకా 5.5 మీదే ఉంది, స్క్రిప్టులో అదే రూట్ పాస్‌వర్డ్, ఆ వెర్షన్‌లో వార్నింగే రాదు కాబట్టి అక్కణ్ణుంచి ఇన్నేళ్లలో ఒక్కళ్లూ ఫోన్ చెయ్యలేదు.