మంచుకు మీ ఎత్తు తెలియదు

ఒకప్పుడు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ అడవుల్లో తిరిగేవాళ్లలో కొందరు రెండు కాళ్లకీ రెండు రకాల స్కీలు (మంచు మీద జారడానికి కాళ్లకి కట్టుకునే పట్టీలు) కట్టుకునేవారు. ఒకటి దాదాపు 3 మీటర్ల పొడుగుది, దాని మీద జారేవారు. రెండోది పొట్టిది, అడుగున జంతువు చర్మం అతికించి ఉండేది, దాంతో మంచును వెనక్కి తన్నేవారు. చూడ్డానికి వింతగా ఉండొచ్చు గానీ, లెక్క మాత్రం సూటిగా ఉంది. సాఫీగా జారడానికి పొడవు కావాలి, చురుగ్గా కదలడానికి పొట్టిది కావాలి. ఇప్పుడు రెండు కాళ్లకీ ఒకే సైజు వేసుకుంటున్నాం కాబట్టి ఆ తగువంతా స్కీ పొడవు దగ్గరే, సెంటీమీటర్లలో ఒక్క అంకె దగ్గరే తేలాలి.

ఆ అంకె చెప్పడానికి అద్దె దుకాణాల్లో ఒక తేలిక పద్ధతి ఉంది. స్కీని నిలబెట్టి పక్కన నిల్చోమంటారు. గడ్డం దాకా వస్తే నేర్చుకునేవాళ్లకి, ముక్కు దాకా వస్తే కాస్త అలవాటైనవాళ్లకి, నెత్తి దాకానో దాటో వస్తే ఆఫ్-పిస్ట్‌కి. యంత్రాలతో చదును చేసి గట్టిపరిచిన వాలును పిస్ట్ అంటారు. దాన్ని వదిలి చదును చేయని మంచులోకి దిగితే అది ఆఫ్-పిస్ట్. పద్ధతి చెడ్డదేమీ కాదు, మొదటి రోజుకి సరిపోతుంది. కానీ మంచుకు మీ ఎత్తు తెలియదు. దానికి తెలిసింది ఎంత బరువు, ఎంత వైశాల్యం మీద, ఎంత వేగంతో వచ్చి పడుతోందనేదే. 170 సెం.మీ. ఎత్తున్న ఇద్దరిలో ఒకరు 55 కిలోలు, ఇంకొకరు 85 కిలోలు అనుకోండి. గడ్డం లెక్క ఇద్దరికీ ఒకే స్కీ ఇస్తుంది. ఆ స్కీ మొదటివాళ్ల కింద చెక్కలా బిగుసుకుపోవచ్చు, రెండోవాళ్ల కింద మరీ తేలిగ్గా వంగిపోవచ్చు. ఎత్తుకు అసలు పనే లేదని కాదు. పొడుగువాళ్ల గరిమనాభి పైన ఉంటుంది కాబట్టి ముందుకో వెనక్కో తూలినప్పుడు ఆసరాగా కాస్త ఎక్కువ పొడవు కావాలి. అయినా నన్నడిగితే మొదట బరువు, తర్వాత వేగం, ఆ తర్వాతే ఎత్తు.

1980ల నాటి పాత ఫొటోలు చూస్తే మామూలు మనుషుల చేతుల్లో కూడా 200, 205 సెం.మీ. స్కీలు కనిపిస్తాయి. చెయ్యి పైకెత్తితే మణికట్టు దాకా రావాలన్నది అప్పటి కొలత. అందులో కొంత గొప్ప చూపించుకోవడం లేకపోలేదు, పొట్టి స్కీ అంటే నామోషీ. ఆ పొడవు ఎందుకు తగ్గిపోయిందో తెలియాలంటే స్కీ నడుము చూడాలి. స్కీ ముందూ వెనకా వెడల్పుగా, మధ్యలో సన్నగా ఉంటుంది. ఈ నడుముకి సైడ్‌కట్ అని పేరు. 19వ శతాబ్దంలో దీన్ని వ్యాప్తిలోకి తెచ్చినవాడిగా నార్వేలోని టెలిమార్క్‌కి చెందిన సోంద్రె నోర్‌హైమ్ పేరు చెబుతారు. స్కీని పక్కకి వాల్చి దాని మీద బరువు వేస్తే ఆ నడుము మంచులోకి దిగి, స్కీ విల్లులా వంగి, తనంతట తానే వంపు తిరుగుతుంది.

ఎంత వంపు? ఇది స్కూల్లో చదివిన జ్యామితే. స్కీ పక్క అంచున ముందూ వెనకా ఉన్న వెడల్పు చోట్లను కలుపుతూ గీత గీస్తే, నడుము దగ్గర అంచు ఆ గీత నుంచి ఎంత లోపలికి ఉందో అది నడుము లోతు. మంచును తాకే పొడవును వర్గం చేసి, నడుము లోతుకు 8 రెట్లతో భాగిస్తే వంపు వ్యాసార్ధం వస్తుంది. తాకే పొడవు 180 సెం.మీ., నడుము లోతు 9 మి.మీ. ఉంటే వ్యాసార్ధం 45 మీటర్లు. అంటే స్కీ దాదాపు తిన్నగా పోతానంటుంది, మలుపు కావాలంటే కాళ్లతో ఈడ్చి తిప్పాల్సిందే. అదే లోతు ఉంచి పొడవును 150కి తగ్గిస్తే 31 మీటర్లు అవుతుంది. నడుమును 19 మి.మీ. లోతు చేస్తే 15 మీటర్లకు దిగుతుంది. స్లోవేనియా కంపెనీ ఎలాన్ 1993లో తెచ్చిన ఎస్‌సీఎక్స్ స్కీతో మొదలైన మార్పు సారాంశం ఇదే. స్కీని ఎంత వాలిస్తే వంపు అంత బిగుసుకుంటుంది కూడా. 60 డిగ్రీలు వాలిస్తే వ్యాసార్ధం సగమైపోతుంది.

పొడవు తగ్గితే కలిసొచ్చే లాభం ఇంకొకటుంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. భుజాన నిచ్చెనతో ఇరుకు సందులో వెనక్కి తిరగాల్సి వచ్చినప్పటి టెన్షన్ గుర్తు తెచ్చుకోండి. నిచ్చెన బరువు కంటే దాని పొడవే ఇబ్బంది పెడుతుంది. ఒకే మందం, ఒకే వెడల్పు ఉన్న పట్టీ అనుకుంటే, దాన్ని తిప్పడానికి ఎదురయ్యే జడత్వం పొడవు ఘనంతో పెరుగుతుంది. 170 నుంచి 190కి వెళ్తే పొడవు పెరిగేది 12 శాతమే, తిప్పడంలో శ్రమ మాత్రం సుమారు 40 శాతం పెరుగుతుంది. అసలు స్కీల కొనలు పలచగా ఉంటాయి కాబట్టి లెక్క కొంచెం మారుతుంది, ధోరణి మారదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి పొట్టి స్కీ ఇవ్వడానికి కారణం ఇదే. కిందపడినప్పుడు కూడా, మోకాలిని మెలిపెట్టే మీటగా మారేది స్కీ తోకే.

అయితే అందరూ పొట్టివే వేసుకోవచ్చుగా? వేగం పెరిగేకొద్దీ పొట్టి స్కీ వణకడం మొదలెడుతుంది. అంచు పొడవుగా ఉంటే గతుకుల మీద ఊగిసలాట తగ్గుతుంది. పోటీల నిబంధనలు చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. అంతర్జాతీయ స్కీ సమాఖ్య లెక్కల్లో దగ్గర దగ్గర మలుపులుండే స్లాలమ్ పోటీలో పురుషులకి కనీస పొడవు 165 సెం.మీ., అత్యంత వేగంగా దూసుకుపోయే డౌన్‌హిల్‌కి 218. ఒకే మనిషి రెండింట్లోనూ దిగినా 53 సెం.మీ. తేడా. అతని ఎత్తు రాత్రికి రాత్రి పెరగలేదు కదా! మారింది వేగం, మలుపు. మామూలు పిస్ట్ మీద చిన్న చిన్న మలుపులు ఇష్టపడేవాళ్లు ఎత్తు కంటే 10, 15 సెం.మీ. తక్కువ తీసుకుంటే హాయిగా ఉంటుంది. పెద్ద మలుపులతో దూసుకుపోయేవాళ్లు దాదాపు ఎత్తు దాకా వెళ్లొచ్చు.

ఆఫ్-పిస్ట్‌లో లెక్క మొత్తం మారిపోతుంది. అక్కడ పట్టు కంటే తేలడం ముఖ్యం. 80 కిలోల మనిషి బూట్లతో మెత్తటి మంచులో నిలబడితే ప్రతి చదరపు సెం.మీ. మీదా 150 గ్రాములకు పైనే పడుతుంది, మోకాళ్ల దాకా దిగబడినా ఆశ్చర్యం లేదు. 165 సెం.మీ. పొడవు, సగటున 9 సెం.మీ. వెడల్పు ఉన్న పిస్ట్ స్కీలు వేసుకుంటే అది 27 గ్రాములకు తగ్గుతుంది. ఇంకా తేలాలి, ఏం చేద్దాం? పొడవు 10 సెం.మీ. పెంచితే వైశాల్యం 6 శాతం పెరుగుతుంది. వెడల్పు ఒక్క సెం.మీ. పెంచితే 11 శాతం. వెడల్పును 12 సెం.మీ.కి తీసుకెళితే ఎంత తేలతామో, అంత తేలడం పొడవుతోనే సాధించాలంటే 220 సెం.మీ. స్కీ కావాలి! పాతకాలంలో లోతు మంచులోకి అంత పొడుగు స్కీలతో ఎందుకు వెళ్లేవారో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఆస్ట్రియా కంపెనీ అటామిక్ లావుపాటి స్కీలను మొదట తెచ్చినప్పుడు నవ్వినవాళ్లూ ఉన్నారు. లెక్క మాత్రం ఆ లావు స్కీల వైపే ఉంది.

అయినా ఆఫ్-పిస్ట్‌కి ఎత్తుకు సమానంగానో, ఓ 5, 10 సెం.మీ. ఎక్కువగానో తీసుకోమంటారు. మంచు కింద ఏముందో కనిపించదు. పైన గట్టి పొర, కింద మెత్తన, మధ్యలో గడ్డలు. స్కీ ముందు కొన కిందికి దిగబడితే మనిషి ముందుకి బోర్లా పడతాడు. పాదం ముందు కాస్త పొడవుంటే ఆ తూలుని అది ఆపుతుంది.

ఇక్కడే కొనేవాళ్లని తికమకపెట్టే విషయం ఒకటి ఉంది, దాని పేరు రాకర్. అంటే కొన ముందుగానే, పడవ ముక్కులా, మెల్లగా పైకి లేచి ఉంటుంది. షేన్ మెకాంకీ అనే స్కీయర్ వాటర్ స్కీల నుంచి ఆలోచన తీసుకుని దీన్ని చివరిదాకా లాగాడు. 2002లో వొలాంట్ కంపెనీ తెచ్చిన అతని స్పాట్యులా అనే స్కీ పాదం కిందనుంచే రెండు వైపులా పైకి వంగి ఉండేది. ఇప్పుడు చాలా ఆఫ్-పిస్ట్ స్కీలకి ఎంతో కొంత రాకర్ ఉంటుంది. 185 అని రాసున్న స్కీని గట్టి పిస్ట్ మీద పెడితే, మంచును నిజంగా తాకేది 150 సెం.మీ. కూడా ఉండకపోవచ్చు. అందుకే రాకర్ ఉన్న స్కీ అంకె చూసి భయపడక్కర్లేదు, గట్టి మంచు మీద అది పొట్టిదానిలాగే తిరుగుతుంది. లోతు మంచులోకి వెళ్లాకే మిగతా పొడవు పనిలోకి వస్తుంది.

చెట్ల మధ్య దూరేవాళ్లు, కొండను నడిచి ఎక్కి దిగేవాళ్లు మాత్రం ఆఫ్-పిస్ట్ అయినా 5 సెం.మీ. తగ్గించుకోవడం మంచిది. నిటారు వాలు మీద నిలబడి ఒక కాలిని గాల్లో వెనక్కి తిప్పాల్సి వచ్చినప్పుడు ప్రతి సెంటీమీటరూ, ప్రతి గ్రామూ తెలుస్తాయి. 172, 180 అని రెండే సైజులు ఉండి మీది మధ్యలో పడిందా? దుకాణంలో రెండు స్కీల అడుగులనీ ఒకదానికొకటి ఆనించి, మధ్యలో నొక్కి పట్టుకుని పక్కనుంచి చూడండి. కొనల దగ్గర ఖాళీ ఎంత మేర కనిపిస్తే అంత రాకర్ ఉన్నట్టు. ఖాళీ ఎక్కువుంటే 180, దాదాపు లేకపోతే 172.