1895 మోర్గాన్ డాలరు: కనిపించని 12,000 నాణేల కథ

మోర్గాన్ అనే పాత అమెరికా వెండి డాలర్లు పోగుచేసేవాళ్ళ దగ్గర 1895 మాట ఎత్తితే చాలు, అదే ఆ సెట్టులో దొరకని నాణెం అంటారు. ఫిలడెల్ఫియా టంకశాల లెక్కల్లో ఆ ఏడు 880 ప్రూఫులు, 12,000 మామూలు చెలామణీ డాలర్లు కొట్టినట్టు రాసి ఉంది. కానీ ఆ 12,000లో ఇది అసలైనదే అని నిపుణులంతా ఒప్పుకున్న నాణెం ఇప్పటిదాకా ఒక్కటీ బయటికి రాలేదు.

ప్రూఫ్ అంటే ఎక్కువ మెరిసే నాణెం అనుకుంటారు చాలామంది. అసలు అది తయారీ పద్ధతి. అచ్చునీ వెండి బిళ్ళనీ ముందే పాలిష్ పట్టి, ఒక్కో నాణెమూ జాగ్రత్తగా, ఎక్కువ ఒత్తిడితో కొడతారు, అందుకే బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా అద్దంలా మెరుస్తుంది, అంచులు పదునుగా తేలతాయి. సేకర్తలకు అమ్మడానికే చేసినవి ఇవి. మామూలుగా ప్రూఫుల జోలికి పోనివాళ్ళు కూడా, 1878 నుంచి 1904 దాకా, ఆపైన 1921, ఫిలడెల్ఫియాలో కొట్టినవి ప్రతి తేదీదీ ఒకటి ఉండాలని పట్టుబడితే 1895 దగ్గర ఆ 880లోంచే కొనుక్కోవాలి. వాటిలోనూ కొన్ని ఖర్చయిపోయి అరిగాయి, కొన్నిటిని ఎవరో తోమి పాడుచేశారు. ధర ఎందుకు దిగదో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఆ 12,000 ఏమయ్యాయి? కరిగించేశారన్నది పాత వాదన. 1918 పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది, అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి బ్రిటన్ ద్వారా మన దేశానికే వచ్చింది, ఎందుకంటే యుద్ధకాలంలో ఇక్కడ నోట్లు పట్టుకొచ్చి వెండి రూపాయలే ఇమ్మని జనం అడుగుతుంటే ప్రభుత్వం దగ్గర వెండి చాలలేదు. మీ ఇంట్లో అప్పటి ఐదో జార్జి రూపాయి ఉంటే, అందులో కొంత ఒకప్పటి డాలరు వెండి కావచ్చు.

నాకైతే రెండో వాదనే సబబనిపిస్తుంది: ఆ 12,000 మీద 1895 అనే తేదీ అసలు లేదు, పాత అచ్చులతో కొట్టి ఆ ఏడాది లెక్కలో రాసుకున్నారు. కరిగించినవైతే ఒకటో రెండో జనం చేతుల్లో మిగలాలి కదా. పైగా ఇలాంటిది అంతకుముందూ జరిగింది. 1804లో 19,570 డాలర్లు కొట్టినట్టు పుస్తకాల్లో ఉంది, వాటి మీద మాత్రం పాత తేదీలే. 1804 తేదీ ఉన్నవి మొదట చేసింది 1834లో, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుకూ మస్కట్ సుల్తానుకూ కానుకలుగా ఇవ్వడానికి. తర్వాత చేసినవాటితో కలిపి ఇప్పుడు తెలిసినవి 16. సుల్తానుదిగా చెప్పే నాణెం 2021లో 76 లక్షల 80 వేల డాలర్లు పలికింది.

ఇంత ధర ఉన్నచోట మోసం ఉండకుండా ఉండదు. 1895లోనే న్యూ ఆర్లీన్స్, శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలల్లోనూ డాలర్లు కొట్టారు, వాటి వెనక వైపు దండ ముడి కింద ఓ, ఎస్ అనే చిన్న అక్షరం ఉంటుంది, ఫిలడెల్ఫియా నాణేనికి ఏ అక్షరమూ ఉండదు. ఆ అక్షరం గీకేసి అమ్మే ఘనులున్నారు, కాబట్టి ఎవరైనా 1895 చూపిస్తే భూతద్దం పెట్టి ముందు ఆ ముడి కిందే చూడండి.