బోరింగు వేసినవారు, వాషరు మార్చవలసినవారు

ఘనాకో కెన్యాకో టాంజానియాకో వెళ్లి, ఏదో ఒక పల్లెలో మూడు నాలుగు వారాలుండి, బడి గోడ కట్టడంలోనో మంచినీటి పనిలోనో తామూ ఓ చెయ్యి వేసి రావడం అమెరికా, బ్రిటన్ విద్యార్థులకు ఎప్పుడో అలవాటైన వేసవి కార్యక్రమం. అక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లలకూ ఈ పిలుపు అందుతూనే ఉంటుంది. వాలంటీరు అనే మాటకు ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవల వేరే అర్థం స్థిరపడింది కాబట్టి, ఇక్కడి ప్రస్తావన జీతం ఆశించకుండా పరాయి దేశపు పల్లెకు వెళ్లే మనిషి గురించేనని ముందుగా చెప్పుకోవాలి. అలా వెళ్లడం మంచిదా కాదా అన్న వాదనలో ఒక సంగతి తరచుగా మరుగున పడుతుంది. ఆ పల్లెల్లో జీతం లేని శ్రమ విదేశీ వాలంటీరుతో మొదలు కాలేదు.

వలస పాలనలో అది వెట్టిగా ఉండేది. నిజాం కాలపు తెలంగాణ కథలు విన్నవారికి ఆ మాటను విడమరచి చెప్పనక్కర్లేదు. ఫ్రెంచి కాంగోలో 1921 నుంచి 1934 దాకా సాగిన రైలు మార్గం పనిలో బలవంతపు కూలీలు వేల సంఖ్యలో చనిపోయారు. ఫ్రెంచి వలసల్లో వెట్టిని రద్దు చేసిన చట్టం 1946లో గాని రాలేదు. దాన్ని సాధించిన ఐవరీ కోస్ట్ ప్రతినిధి ఊఫ్వే-బ్వాన్యీ పేరే ఆ చట్టానికి నిలిచిపోయింది. బ్రిటిష్ వలసల్లోనూ ఊరివారిని పిలిచి దారుల పని ఊరికే చేయించుకునే ఆనవాయితీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అటువంటి పద్ధతి ఇక చెల్లదని తేలినప్పుడు, ఖజానాలో డబ్బు లేని బ్రిటన్ మరో దారి వెతుక్కుంది. 1944 నాటి ఒక నివేదికలో 'సామూహిక విద్య' అని పిలిచిన ఆలోచనకు 1948 కేంబ్రిడ్జి సమావేశంలో 'కమ్యూనిటీ డెవలప్‌మెంట్' అని కొత్త పేరు పెట్టారు. ఊరివారు తమ చొరవతో, తమ రెక్కల కష్టంతో ముందుకు రావాలి, సర్కారు సామగ్రీ సలహా ఇవ్వాలి అన్నది దాని సారాంశం. తూర్పు నైజీరియాలోని ఉడి ప్రాంతంలో ఊరివారు రోడ్డు, ప్రసూతి కేంద్రం కట్టుకున్న తీరు దీనికి నమూనాగా ప్రచారమైంది. మన దేశంలో 1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి పథకం, దానితో వచ్చిన బ్లాకులు, గ్రామసేవకులు, శ్రమదానాలు ఈ భావనకు దగ్గరి చుట్టాలే. ఆ పథకం కోసం ముస్సోరీలో పెట్టిన సంస్థే తర్వాత హైదరాబాదుకు తరలి, ఇవాళ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థగా ఆఫ్రికా దేశాల అధికారులకు కూడా శిక్షణ ఇస్తోంది.

విదేశీ వాలంటీరు పుట్టింది ఈ పొత్తిళ్లలోనే. 1958లో బ్రిటన్‌లో, వాలంటీర్లను విదేశాలకు పంపే వి.ఎస్.ఓ. సంస్థను ప్రారంభించిన అలెక్ డిక్సన్ అంతకు ముందు పశ్చిమ ఆఫ్రికాలో ఇదే సామూహిక విద్యా కార్యక్రమంలో పనిచేసినవాడు. అతను మొదట్లో పంపింది బడి చదువు ముగించి, కాలేజీలో ఇంకా చేరని పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను. అదే ఏడాది న్యూయార్కు హార్లెంలోని నల్లజాతి పాస్టరు జేమ్స్ రాబిన్సన్ 'ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ ఆఫ్రికా' పేరుతో విద్యార్థులను వేసవిలో ఆఫ్రికా పల్లెలకు తీసుకువెళ్లి, అక్కడి విద్యార్థులతో కలిపి పనిచేయించాడు. వాలంటీర్లను విదేశాలకు పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్‌కు దారి చూపింది ఈ ప్రయత్నమేనని తర్వాత అధ్యక్షుడు కెనడీయే మెచ్చుకున్నాడు.

1961 ఆగస్టు 30న పీస్ కోర్ తొలి బృందం, సుమారు 50 మంది, ఘనా రాజధాని అక్రాలో విమానం దిగి, స్వాగతం చెప్పడానికి వచ్చిన మంత్రి ఎదుట అక్కడి త్వి భాషలో పాట పాడింది. వాళ్లు ఉపాధ్యాయులు. టాంగన్యీకాకు (ఇవాళ్టి టాంజానియాలో ప్రధాన భాగం) వెళ్లినవారు సర్వేయర్లు, ఇంజనీర్లు, భూగర్భ శాస్త్రజ్ఞులు. కొత్త దేశానికి రోడ్లు కావాలని అడిగింది అక్కడి ప్రభుత్వమే. కావలసిందేమిటో ఆతిథ్య దేశం చెప్పడం, అందుకు తగిన పనితనం ఉన్నవారు రావడం అన్న ఈ పద్ధతి తర్వాతి కాలంలో పలచబడిపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే విషయం. ఆ అక్టోబరులోనే నైజీరియాలోని ఇబాదాన్‌లో ఒక యువ వాలంటీరు అక్కడి జీవన పరిస్థితులను తక్కువ చేసి స్నేహితుడికి రాసిన పోస్టుకార్డు దారిలో పడిపోయి విద్యార్థుల చేతికి చిక్కింది. ప్రతులు తీసి పంచారు, నిరసనలు చెలరేగాయి, ఆమె స్వదేశానికి తిరిగి వెళ్లవలసి వచ్చింది. ఆతిథ్యం ఇచ్చినవారికి తమ గురించి అతిథి ఏమనుకుంటున్నాడో తెలుసుకునే హక్కు ఉంటుందని ఆ కార్డు ముక్క అందరికీ గుర్తుచేసింది. ప్రచ్ఛన్న యుద్ధపు అనుమానాలూ తోడయ్యాయి. పీస్ కోర్‌ను గినీ 1966లో వెళ్లిపొమ్మంది, టాంజానియాలో అది 1969లో ఆగిపోయింది. అప్పటికే టాంజానియా 1967 నాటి అరుషా ప్రకటనతో స్వావలంబన బాట పట్టింది. కెన్యాలో ఆ దేశ నాయకుడు కెన్యాట్టా ఇచ్చిన 'హరంబీ', అంటే అందరం కలిసి లాగుదాం అన్న పిలుపుతో, ఊళ్లు చందాలు వేసుకుని వందల బడులు కట్టుకున్నాయి. మలావీలో 1968 నుంచి కొండ వాగుల నీటిని గొట్టాల ద్వారా పల్లెలకు దింపిన పథకాల్లో మైళ్ల కొద్దీ కందకాలు తవ్వింది కూలి తీసుకోని ఊరివారే.

మంచినీటి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఐక్యరాజ్యసమితి 1981–90ని మంచినీటి, పారిశుధ్య దశాబ్దంగా ప్రకటించాక ఆఫ్రికా అంతటా దాతల డబ్బుతో చేతిపంపులు వెలిశాయి. వాటిలో ఎన్నో 1970లలో మన దేశంలో రూపొందిన ఇండియా మార్క్-2 పంపులు. మన ఊళ్లలో బోరింగు అని పిలుచుకునేది దాన్నే. జాంబియాలో ఇప్పటికీ అదే కనిపిస్తుంది. ఆ పంపు గట్టిది, కాని అడుగున సిలిండరులో వాషరు అరిగితే మూడేసి మీటర్ల ఇనుప గొట్టాలను ఒక్కొక్కటిగా పైకి లాగి విప్పాలి. నలుగురు మనుషులు, పట్టుకార్లు, రెంచీలు లేనిదే ఆ పని జరగదు. ఈ ఇబ్బంది చూసే 1980లలో కెన్యా, మలావీలలో ఆఫ్రిదేవ్ పంపును తయారుచేశారు. గొట్టాలు కదపకుండా, ఒకే స్పానరుతో ఊరి ఆడవాళ్లే వాషరు మార్చుకోగలరు. అయినా 2009 ప్రాంతపు అంచనాల ప్రకారం సహారాకు దిగువనున్న దేశాల్లో చేతిపంపుల్లో మూడో వంతుకు పైగా పనిచేయడం లేదు. పంపు వేసిన రోజున ఫొటో దిగినవారు ఎవరూ వాషరు అరిగిన రోజున అక్కడ లేరు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. విడిభాగం ఏ అంగట్లో దొరుకుతుంది, డబ్బు ఎవరు పోగుచేస్తారు అన్నది పంపు దించకముందే తేలవలసిన విషయం.

1990ల నుంచి వాలంటీరే రుసుము చెల్లించి వెళ్లే పద్ధతి విస్తరించింది. రుసుము కట్టేది అతిథి అయినప్పుడు, పనిని ఎంచేటప్పుడు ఊరి అవసరం కంటే అతిథి సెలవుల లెక్క ముందుకు వస్తుంది. గోడ కట్టడం తెలియని పిల్లలు కట్టిన గోడ పక్కన, పని లేక కూర్చున్న ఊరి తాపీమేస్త్రీ గురించి ఆలోచించకుండా ఈ పద్ధతిని సమర్థించడం నాకు సాధ్యం కాదు. వి.ఎస్.ఓ. మాత్రం కుర్రాళ్లను పంపే దశ దాటి అనుభవం ఉన్న వృత్తి నిపుణుల వైపు, తర్వాత స్థానిక వాలంటీర్ల వైపు మళ్లింది. రాకపోకల దిశ కూడా కొంత మారింది. రాజస్థాన్‌లోని తిలోనియాకు ఆఫ్రికా పల్లెల నుంచి చదువు రాని పెద్దవయసు స్త్రీలు వచ్చి, ఆరు నెలలు సౌరదీపాల పని నేర్చుకుని, తిరిగి వెళ్లి తమ ఊళ్లకు తామే వెలుగు పెట్టారు.

2014లో ఎబోలా వ్యాపించినప్పుడు లైబీరియా, గినీ, సియెర్రా లియోన్‌ల నుంచి, 2020 మార్చిలో కోవిడ్ వల్ల ప్రపంచం మొత్తం నుంచి పీస్ కోర్ తన వాలంటీర్లను వెనక్కి పిలిపించుకుంది. మళ్లీ 2022 మార్చిలో మొదటగా వెళ్లిన రెండు దేశాల్లో జాంబియా ఒకటి. మధ్యలో గడిచిన ఆ రెండేళ్లూ జాంబియా పల్లెల్లో బోరింగులు చెడిపోతే గొట్టాలు పైకి లాగి వాషర్లు మార్చింది, ఊరు ఇచ్చే కొద్దిపాటి డబ్బు తీసుకుని పనిచేసే అక్కడి పంపు మెకానిక్కులే.