సిస్ట్ ఉందంటే కోయించుకోవాల్సిందేనా? అపోహలు - వాస్తవాలు

పిల్లల కోసం చికిత్సకు వచ్చినవాళ్లకు నెలసరి రెండో రోజు అండాశయాల స్కాన్ చేస్తూ "ఎడమ వైపు చిన్న సిస్ట్ (నీటి గడ్డ) ఉందమ్మా" అంటాను. బల్ల మీద పడుకున్న అమ్మాయి స్క్రీన్ మీది నల్లటి గుండ్రాన్ని చూసి "ఆపరేషన్ చేయాలా మేడమ్?" అంటుంది. కళ్లలో అప్పటికే నీళ్లు. వారంలో ఒకరిద్దరైనా ఇలాగే అడుగుతారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: గడ్డ తీయించుకుంటేగానీ కడుపు పండదు.

వాస్తవం: కాదు. ఆడపిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. రెండో రోజు కనిపించేవి చాలావరకు పోయిన నెలలో పగలకుండా మిగిలిన ఫాలికల్సో (అండం పెరిగే చిన్న సంచులు), అండం విడుదలయ్యాక ఆ సంచి మిగిలి ఏర్పడే కార్పస్ లూటియం సిస్టులో. రెండు మూడు నెలసరుల్లో వాటంతటవే పోతాయి. ఎస్ట్రడయాల్ అనే హార్మోన్‌కు రక్త పరీక్ష చేయిస్తాం. తక్కువుంటే చాలాసార్లు ఆ నెలే అండాలు పెరగడానికిచ్చే ఇంజెక్షన్లు మొదలుపెడతాం. ఎక్కువుంటే ఒక నెల ఆగుతాం, అంతే.

చాక్లెట్ సిస్ట్ (ఎండోమెట్రియోసిస్ వల్ల అండాశయంలో పాత రక్తం చేరి ఏర్పడే గడ్డ) అలా పోదు, నిజమే. కానీ దాని గోడ ఒలిచేటప్పుడు అంటుకుని ఉన్న మంచి అండాశయం కూడా, అందులోని అండాలతో సహా, ఊడి వస్తుంది. రక్తం ఆపడానికి కాలిస్తే ఇంకొంత పోతుంది. ఐవీఎఫ్ ఫలితం బాగుంటుందని ముందే ఈ ఆపరేషన్ మామూలుగా చేయొద్దని యూరప్ సంతాన వైద్యుల సంఘం ఎష్రే 2022లో స్పష్టంగా చెప్పింది.

నా దగ్గరికి 28 ఏళ్ల అమ్మాయి వచ్చింది. ఫైల్లో రెండు కాగితాలు ఒకే పిన్నుకు ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో అంచనా వేసే రక్త పరీక్ష) 2.6, రెండు వైపులా సిస్టులు తీయించాక 0.4. నొప్పి ఉండేదా అని అడిగితే లేదంది. వాళ్లమ్మ "బంగారం తాకట్టు పెట్టి చేయించాం డాక్టరమ్మా" అంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించడానికి నాకు మనసు రాలేదు.

ఆపరేషన్ అసలు వద్దని కాదు. భరించలేని నొప్పి ఉన్నా, స్కాన్‌లో క్యాన్సర్ అనుమానం ఉన్నా, ఐవీఎఫ్‌లో అండాలు తీసే సూదికి సిస్ట్ అడ్డం వస్తున్నా చేయాల్సిందే. అప్పుడు కూడా ముందు ఏఎంహెచ్ చూపించుకోండి. అండాలు దాచుకునే వీలుందేమో అడగండి.

మిగతావి క్లుప్తంగా. పీసీఓడీ 'నీటి బుడగలు' గడ్డలు కావు, ఎదగకుండా ఆగిన చిన్న ఫాలికల్స్. గర్భనిరోధక మాత్రలతో సిస్ట్ త్వరగా కరగదు, మేం ఇచ్చేది చికిత్స మొదలుపెట్టే రోజును సర్దుకోవడానికి. సీఏ-125 అనే రక్త పరీక్షలో అంకె పెరిగిందంటే క్యాన్సర్ అని కాదు, చాక్లెట్ సిస్ట్‌లోనూ, నెలసరి రోజుల్లోనూ పెరుగుతుంది. కషాయాలతో పోయిందని వీడియోల్లో చెప్పే సిస్ట్ చాలాసార్లు దానంతటదే పోయేదే.

భయపడాల్సింది మాత్రం ఒకటుంది. ఇంజెక్షన్లు నడుస్తున్నప్పుడు గానీ, పెద్ద సిస్ట్ ఉన్నప్పుడు గానీ, ఒక్కసారిగా ఒక పక్క మెలిపెట్టే నొప్పి, దాంతో వాంతులు వస్తే అండాశయం మెలిక పడి ఉండొచ్చు. గంటలు గడిచేకొద్దీ అండాశయాన్ని కాపాడటం కష్టమవుతుంది. గ్యాస్ నొప్పనుకుని తెల్లారేదాకా ఆగకండి, ఎంత రాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.