రౌండ్స్‌కి కెమెరా కన్నా మైకే ముఖ్యం

ఆస్పత్రిలో రోజూ పొద్దున్నే డాక్టర్లు, నర్సులు కలిసి మంచం మంచానికీ తిరగడమే రౌండ్స్. రాత్రి ఆక్సిజన్ ఎంత పెట్టారు, ఏ మందు ఆపాలి, ఎవరిని ఇంటికి పంపొచ్చు అన్నవన్నీ అక్కడే తేలతాయి. 2020లో కోవిడ్ వచ్చాక ఈ గుంపే ప్రమాదమైంది. లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరికీ పీపీఈ (ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు, మాస్కు) కావాలి, అదేమో అప్పట్లో కరువు. జట్టులో ఒకరికి అంటుకుంటే మిగతావాళ్లూ క్వారంటైన్‌కే. అందుకే చాలా ఆస్పత్రుల్లో ఒకరిద్దరు మాత్రం ట్యాబ్ పట్టుకుని లోపలికి వెళ్లారు, మిగతావాళ్లు వీడియోలో చేరారు.

బొమ్మ మసకగా ఉన్నా ఎలాగో నెట్టుకురావచ్చు. మాట తెగితేనే చిక్కు. ఎదుటివాళ్లు మాట ముగించాక మనం అందుకోవడానికి సగటున సెకనులో ఐదో వంతే పడుతుంది. వీడియోలో మన గొంతు ముక్కలై, నెట్‌లో ప్రయాణించి, అవతల మళ్లీ అతుక్కోవాలి. మాట ఇటునుంచి అటు చేరడానికి పట్టే ఈ ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం యూనియన్ సిఫార్సు. అది బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. అప్పుడు మళ్లీ అందుకునేది ఎవరు? పెద్ద డాక్టరే. రాత్రంతా పేషెంటు పక్కన ఉన్న నర్సు "సరేలే, తర్వాత చెబుదాం" అనుకుంటుంది. నా దృష్టిలో అసలు నష్టం ఇదే. నర్సు వంతు ముందే ఖాయం చేసి, ఆమెతోనే మొదలుపెడితే ఇది చాలావరకు తప్పుతుంది.

మాస్కుతో ఇంకో తంటా. స, ఫ లాంటి హల్లుల్లోని పైస్థాయి ధ్వనుల్ని అది అణిచేస్తుంది. పెదాల కదలికా కనపడదు. డోసు "ఫిఫ్టీన్" అన్నారా, "ఫిఫ్టీ" అన్నారా? అందుకే "ఒకటి, ఐదు... పదిహేను" అని అంకెలు విడివిడిగా పలికి, విన్నవాళ్లచేత తిరిగి చెప్పించుకోవాలి.

మీటింగ్ యాప్‌కి తెలిసింది మనిషి గొంతు ఒక్కటే. మిగతాదంతా దానికి రొదే. ఫ్యాను హోరుతో పాటు పక్కనున్న మానిటర్ అలారాన్నీ తొక్కేయొచ్చు. స్టెతస్కోపు ట్యాబ్ మైకు దగ్గర పెట్టినా లాభం లేదు. గుండె చప్పుడు బాగా కిందిస్థాయి ధ్వని, దానికి డిజిటల్ స్టెతస్కోపు వేరే ఉండాలి. రంగుల్నీ నమ్మలేం. కెమెరా తనంతట తాను రంగులు సర్దేస్తుంది కాబట్టి పెదాలు నీలంగా ఉన్నాయా లేదా అన్నది లోపలున్న మనిషి చూసి చెప్పాల్సిందే. కాళ్లు చల్లబడ్డాయో లేదో చెయ్యి పెట్టి చూడాల్సిందే.

లాభాలూ ఉన్నాయి. మామూలు రోజుల్లో అన్ని వార్డులూ తిరగలేని ఫార్మసిస్టు తన గదిలోంచే "ఈ రెండు మందులూ కలిపి ఇవ్వకండి" అనగలిగాడు. లోపలికి రానివ్వని రోజుల్లో ఇంట్లోవాళ్లూ డాక్టర్‌తో మాట్లాడగలిగారు. అయితే లింకు అందరికీ ఒకటే ఇస్తే ఒక పేషెంటు సంగతి ఇంకో పేషెంటు బంధువుల చెవిన పడుతుంది. అందుకే యాప్‌లో పాస్‌వర్డు, వెయిటింగ్ రూమ్ (చేరేవాళ్లని ముందు బయటే ఆపి ఉంచే ఏర్పాటు) పెట్టి, వాళ్ల పేషెంటు వంతు వచ్చినప్పుడే వాళ్లని లోపలికి తీసుకోవాలి.